కెరీర్ గైడెన్స్ చేసేవారికి సీపీడీ: తరచుగా అడిగే ప్రశ్నలు

హైస్కూల్లో కెరీర్ గైడెన్స్ బాధ్యత నెత్తిన పడ్డ టీచర్లు, జూనియర్ కాలేజీల కౌన్సెలర్లు, స్వచ్ఛంద సంస్థల్లో పిల్లలకు దారి చూపేవాళ్లు, సొంతంగా ప్రాక్టీస్ పెట్టుకున్నవాళ్లు సీపీడీ (కంటిన్యూయింగ్ ప్రొఫెషనల్ డెవలప్‌మెంట్, అంటే నిరంతర వృత్తి అభివృద్ధి) గురించి పదే పదే అడిగే ప్రశ్నలివి. జవాబులు ఎక్కువగా రెండు తెలుగు రాష్ట్రాల పరిస్థితిని దృష్టిలో పెట్టుకుని రాసినవి.

సీపీడీ అంటే ట్రైనింగ్ ప్రోగ్రామ్‌లకు వెళ్లడమేనా?

కాదు. ట్రైనింగ్ అందులో ఒక ముక్క మాత్రమే. పనిలో చేరాక కూడా ఆ పనికి కావాల్సిన సమాచారాన్ని, నైపుణ్యాన్ని పెంచుకుంటూ ఉండటం, పెంచుకున్నదాన్ని రాసి పెట్టుకోవడం, దానివల్ల మన పనిలో ఏదో ఒకటి మారడం, ఈ మూడూ ఉంటేనే సీపీడీ. పక్క ఊళ్లోని ఐటీఐకి వెళ్లి ఒక పూట వర్క్‌షాప్‌లో నిలబడి చూసి రావడం సీపీడీయే. మీ సెషన్‌ను తోటి కౌన్సెలర్‌కు వినిపించి తప్పొప్పులు చెప్పించుకోవడం కూడా సీపీడీయే. రోజంతా సెమినార్‌లో కూర్చుని, భోజనం చేసి, ఫొటో దిగి, సర్టిఫికెట్ తెచ్చుకున్నా మర్నాడు పిల్లలతో మాట్లాడే తీరులో ఏ మార్పూ రాలేదంటే అది సెమినార్ మాత్రమే.

మన దగ్గర ఇది తప్పనిసరా?

కెరీర్ కౌన్సెలర్ అని బోర్డు పెట్టుకోవడానికి మన దేశంలో ప్రత్యేకంగా లైసెన్స్ అంటూ లేదు. కాబట్టి ఏటా ఇన్ని గంటలు నేర్చుకోవాలని కెరీర్ కౌన్సెలర్లందరినీ కట్టిపడేసే నిబంధన కూడా లేదు. అయితే మీరు ఏ హోదాలో ఈ పని చేస్తున్నారన్నదాన్ని బట్టి కొన్ని వర్తిస్తాయి.

మీరు టీచరైతే, జాతీయ విద్యా విధానం 2020 ప్రకారం ఏటా కనీసం 50 గంటల నిరంతర వృత్తి అభివృద్ధిలో పాల్గొనాలి. గైడెన్స్ శిక్షణ ఆ 50 గంటల్లో లెక్కకొస్తుందో లేదో మీ విద్యాశాఖ సర్క్యులర్‌లో చూసుకోండి. మీరు క్లినికల్ సైకాలజిస్టో, స్పెషల్ ఎడ్యుకేటరో అయి పునరావాస మండలిలో, అంటే ఆర్‌సీఐలో, రిజిస్టరై ఉంటే ఆ రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు శిక్షణ పాయింట్లు ఎలాగూ కావాలి.

చాలామంది దృష్టికి రానిది ఇంకోటుంది. విశాఖపట్నంలో నీట్‌కు ప్రిపేరవుతున్న ఒక విద్యార్థిని మరణానికి సంబంధించిన కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ, కోచింగ్ సెంటర్లతో సహా, మార్గదర్శకాలు ఇచ్చింది. వంద మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్, సైకాలజిస్ట్ లేదా సోషల్ వర్కర్ ఒక్కరైనా ఉండాలి. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు మానసిక ఆరోగ్యంపై శిక్షణ ఇవ్వాలి. విద్యార్థులకు, తల్లిదండ్రులకు క్రమం తప్పకుండా కెరీర్ కౌన్సెలింగ్ జరగాలి. యాజమాన్యం దగ్గర శిక్షణకు సెలవు, ఖర్చు అడగడానికి మీకిది మంచి ఆధారం. ప్రింటు తీసి పట్టుకెళ్లండి, నోటిమాటగా చెబితే వినరు.

పోలిక కోసం చెప్పాలంటే, బ్రిటన్‌లో కెరీర్ డెవలప్‌మెంట్ ఇన్‌స్టిట్యూట్ అనే వృత్తి సంఘం రిజిస్టర్‌లో పేరు ఉండాలంటే ఏటా 25 గంటల సీపీడీ చేసి, దాన్ని రికార్డు చేయాలి.

అయితే నేను ఏటా ఎన్ని గంటలు పెట్టుకోవాలి?

నెలకు రెండు గంటలతో మొదలుపెట్టండి. ఏడాదికి 24 అవుతాయి, బ్రిటన్ లెక్కకు దగ్గరే. గంటల కన్నా అవి ఎటు పోతున్నాయో చూసుకోవడం ముఖ్యం. మనవాళ్లలో ఎక్కువమంది గంటలన్నీ కోర్సుల సమాచారం సేకరించడానికే పోతాయి. పిల్లలతో మాట్లాడే పద్ధతి మీద ఏడాదికి ఒక్క పూట కూడా పెట్టరు. సగం సమయమైనా రెండోదానికి కేటాయించమని నా సలహా.

నేను సోషల్ టీచర్‌ని. సైకాలజీ చదవలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

తీరిక, అనుమతి దొరికితే ఎన్‌సీఈఆర్‌టీ నడిపే గైడెన్స్ అండ్ కౌన్సెలింగ్ డిప్లొమా కోర్సు చూడండి. డీసీజీసీ అంటారు. ఏడాది కోర్సు: మొదటి ఆరు నెలలు దూరవిద్య, తర్వాత మూడు నెలలు కేంద్రంలో ఉండి చదవడం, చివరి మూడు నెలలు సొంత ఊళ్లో ఇంటర్న్‌షిప్. మనకు దగ్గరి కేంద్రం మైసూరులోని ప్రాంతీయ విద్యా సంస్థ. కష్టమంతా మధ్యలో వచ్చే ఆ మూడు నెలల దగ్గరే. ఇల్లు, పిల్లలు, హెడ్మాస్టర్ అనుమతి, అన్నీ ముందే కుదుర్చుకోవాలి. ప్రభుత్వ టీచర్లు డెప్యుటేషన్ సంగతి దరఖాస్తుకు ముందే మాట్లాడుకోవడం మేలు.

అంత వీలు లేకపోతే ‘స్వయం’ వేదికలో సైకాలజీ, కౌన్సెలింగ్ కోర్సులు ఉచితంగా వినొచ్చు. సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. సిద్ధాంతం విషయంలో మనస్తత్వవేత్త జాన్ హాలండ్ చెప్పిన ఆరు రకాల ఆసక్తులు, వయసుతోపాటు కెరీర్ ఎలా మారుతుందో చెప్పిన మనస్తత్వవేత్త డోనల్డ్ సూపర్ ఆలోచన, ఈ రెండూ గట్టిగా తెలిస్తే మొదటి ఏడాదికి చాలు. బెంగళూరులోని ప్రామిస్ ఫౌండేషన్ ‘జీవ’ పేరుతో చేసిన పని కూడా చదవండి. మన దేశంలో కెరీర్ నిర్ణయం కుటుంబానిది, కులవృత్తులకు ఒక చరిత్ర ఉంది అన్న సంగతిని పట్టించుకున్న అరుదైన ప్రయత్నాల్లో అదొకటి.

కోర్సుల సమాచారం నాకు బాగానే తెలుసు. మళ్లీ మళ్లీ నేర్చుకోవాల్సిన అవసరం ఏముంది?

కెరీర్ సమాచారం పాలలాంటిది, నిన్నటిది ఇవాళ పనికొస్తుందన్న నమ్మకం లేదు. గడిచిన పదేళ్లలో మన రాష్ట్రాల్లోనే ఏమేం మారాయో చూడండి. ఎంబీబీఎస్ సీట్లు ఎంసెట్ నుంచి నీట్‌కు వెళ్లిపోయాయి. ఎంసెట్ పేరు ఆంధ్రప్రదేశ్‌లో 2021లో, తెలంగాణలో 2024లో ఈఏపీసెట్‌గా మారింది. తెలంగాణలో డిగ్రీ ప్రవేశాలు 2016 నుంచి ‘దోస్త్’ అనే ఆన్‌లైన్ విధానం ద్వారా జరుగుతున్నాయి. కేంద్రీయ విశ్వవిద్యాలయాల డిగ్రీ సీట్లకు 2022లో సీయూఈటీ అనే ప్రవేశ పరీక్ష వచ్చింది. ఇంటర్ తర్వాత నాలుగేళ్లలో డిగ్రీ, బీఈడీ కలిపి చేసే ఐటెప్ 2023-24లో మొదలైంది. బీసీఏ, బీబీఏ కోర్సులు 2024-25 నుంచి ఏఐసీటీఈ (అఖిల భారత సాంకేతిక విద్యా మండలి) పరిధిలోకి వచ్చాయి.

వీటిలో కొన్ని తెలియకపోతే వచ్చే నష్టం చిన్నదే. కొన్నింటి దగ్గర కుటుంబం మునిగిపోతుంది. విదేశాల్లో ఎంబీబీఎస్ తీసుకోండి. నేషనల్ మెడికల్ కమిషన్ 2021 నవంబర్‌లో తెచ్చిన నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, ఆ తర్వాత 12 నెలల ఇంటర్న్‌షిప్ అదే విదేశీ సంస్థలో చేయాలి, బోధన ఇంగ్లిష్‌లో ఉండాలి. ఈ షరతుల్లో ఒకటి తప్పినా ఇక్కడ ప్రాక్టీస్‌కు అనుమతి రాదు. అంతకుముందు వెళ్లొచ్చిన డాక్టర్‌ని చూపించి ‘ఫలానా దేశం బాగుంటుంది’ అని చెప్పే కౌన్సెలర్ పాత లెక్క చెబుతున్నట్టే. పొలం అమ్మి ఫీజు కట్టే ఇంటికి ఆ పాత లెక్క ఎంత ఖరీదో వేరే చెప్పక్కర్లేదు.

మరి ఇవన్నీ ఎలా గుర్తుపెట్టుకోవాలి?

గుర్తుపెట్టుకోకండి. ఎక్కడ చూడాలో తెలిస్తే చాలు, ఎప్పుడు చూడాలో క్యాలెండర్‌లో రాసుకుంటే చాలు. జనవరి నుంచి మార్చి దాకా ప్రవేశ పరీక్షల నోటిఫికేషన్లు. ఏప్రిల్, మే నెలల్లో ఆర్‌జీయూకేటీ (ట్రిపుల్ ఐటీలు), పాలిటెక్నిక్, ఐటీఐ, గురుకులాల సంగతులు. జూన్ నుంచి ఆగస్టు దాకా కౌన్సెలింగ్ షెడ్యూళ్లు, ఫీజుల జీవోలు. నోటిఫికేషన్ చదవడమంటే వాట్సాప్‌లో వచ్చిన పోస్టర్ చదవడం కాదు. అసలు బులెటిన్ దించుకుని అర్హతలు, స్థానికత, రిజర్వేషన్, ఫీజు వాపసు, ఈ నాలుగు భాగాలూ వరుసగా చదవండి. గొడవలన్నీ అక్కడే మొదలవుతాయి. చదివాక ఒక పేజీలో తెలుగులో రాసి, పైన తేదీ వేయండి. తేదీ లేని నోట్సు వచ్చే ఏడాది మిమ్మల్నే తప్పుదోవ పట్టిస్తుంది.

విశ్వవిద్యాలయం అసలుదా నకిలీదా అన్నది యూజీసీ జాబితాలో, దూరవిద్య కోర్సుకు అనుమతి ఉందా అన్నది యూజీసీ దూరవిద్యా విభాగంలో, ఇంజినీరింగ్ కాలేజీ సంగతి ఏఐసీటీఈలో చూసుకోవాలి. ఉద్యోగాల వివరాలకు కేంద్ర కార్మిక శాఖ 2015లో మొదలుపెట్టిన నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ ఉంది.

సైకోమెట్రిక్ టెస్టుల సర్టిఫికేషన్ కోర్సులు చేయమంటున్నారు. డబ్బు పెట్టొచ్చా?

పెట్టే ముందు ఆ సంస్థను మూడు సంగతులు అడగండి. ఈ టెస్టు ప్రమాణాలను ఏ పిల్లల మీద తయారుచేశారు? తెలుగు మీడియం పిల్లల కోసం తెలుగులో ఉందా, ఉంటే ఆ తెలుగు రూపాన్ని విడిగా పరీక్షించారా? ఫలితం ఎంత నిలకడగా వస్తుందో చూపించే మాన్యువల్ ఇస్తారా? జవాబు బదులు రంగురంగుల రిపోర్టు నమూనా చూపిస్తే, ఆ కోర్సు మీకు టెస్టులు అమ్మడం నేర్పుతుంది.

వేలిముద్రలు చూసి పిల్లవాడు ఇంజినీరవుతాడో సింగరవుతాడో చెప్పే డీఎంఐటీ జోలికి అసలు పోవద్దు. దానికి శాస్త్రీయ ఆధారం లేదు. తల్లిదండ్రులు అడుగుతున్నారు కదా అంటారు కొందరు. తల్లిదండ్రులు జాతకం కూడా అడుగుతారు.

మంచి టెస్టు కూడా సంభాషణ మొదలుపెట్టడానికే. రిపోర్టులో ‘ఆర్టిస్టిక్’ అని వచ్చిన అబ్బాయిని ‘నువ్వు చివరిసారి గంటసేపు ఆకలి మర్చిపోయి చేసిన పనేంటి?’ అని అడగడం వచ్చాకే టెస్టుల శిక్షణకు డబ్బు పెట్టండి.

మాట్లాడే నైపుణ్యం నిజంగా శిక్షణతో మెరుగుపడుతుందా? అది అనుభవంతో వచ్చేది కదా?

అనుభవం మంచి అలవాటునూ గట్టిపరుస్తుంది, చెడ్డదాన్నీ గట్టిపరుస్తుంది. మీ సెషన్ మీరే విన్నప్పుడు గానీ ఏది గట్టిపడుతోందో తెలియదు. ఈ పేజీలో ఒక్కటే పాటించగలిగితే ఇది పాటించండి: కుటుంబం అనుమతి తీసుకుని ఒక సెషన్ రికార్డు చేసి, ముగ్గురు నలుగురు తోటివాళ్లతో కలిసి పది నిమిషాల భాగం వినండి.

వింటే ఏం బయటపడుతుందో ఒక నమూనా చూడండి. ఇంటర్ బైపీసీ చదివిన అమ్మాయి, తండ్రి వచ్చారు.

తండ్రి: ‘అమ్మాయికి మార్కులు బాగానే వస్తాయండీ, కానీ భయం. లాంగ్‌టర్మ్‌లో పెడదామా, నర్సింగ్‌లో చేర్పిద్దామా? మీరే చెప్పండి సార్.’

కౌన్సెలర్: ‘నర్సింగ్‌కి ఇప్పుడు మంచి డిమాండ్ ఉందండి. జర్మనీ, జపాన్ కూడా తీసుకుంటున్నాయి. తెలంగాణలో టామ్‌కామ్ అని ప్రభుత్వ సంస్థే పంపిస్తోంది...’

తర్వాత చాలాసేపు కౌన్సెలరే మాట్లాడతాడు. చెప్పిందంతా నిజమే. ఆ సమయంలో అమ్మాయి అన్నది ‘ఊఁ’ ఒక్కటే. రికార్డు విన్న తోటివాళ్లలో ఎవరో ఒకరు అడుగుతారు: ‘భయం అన్నది తండ్రి కదా. ఆ పిల్లకి దేనికి భయం? పరీక్షకా, రక్తం చూడ్డానికా, హాస్టల్‌కా?’ అప్పుడు గది నిశ్శబ్దమైపోతుంది, ఎందుకంటే ఆ ప్రశ్న సెషన్‌లో ఎవరూ అడగలేదు. హాస్టల్ అంటే భయపడే పిల్లకు నర్సింగ్ సలహా ఇచ్చి, తీసుకెళ్లి హాస్టల్లోనే పడేసినట్టవుతుంది.

ఇలాంటి సమీక్షకు కొన్ని కట్టుబాట్లు కావాలి. విద్యార్థి పేరు, కాలేజీ పేరు వినిపించకూడదు. విన్నాక రికార్డింగ్ తీసేయాలి. వినేవాళ్లు ‘నేనైతే ఇలా చెప్పేవాణ్ని’ అనకూడదు, ప్రశ్నలే అడగాలి. వాట్సాప్‌లో క్లిప్పులు పంపుకోవడం అసలు కుదరదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారి వివరాల విషయంలో తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటుంది. చట్టం సంగతి అలా ఉంచినా, మీ గొంతు, ఆ పిల్ల గొంతు ఊరంతా తిరగకూడదు కదా.

పల్లెలో ఉంటాను. సెలవు దొరకదు, వేలకు వేలు ఫీజులు కట్టలేను.

ఊరి నుంచే చేసే సీపీడీ చాలావాటికన్నా విలువైనది. దగ్గర్లోని ఐటీఐకి, పాలిటెక్నిక్‌కి, రైస్‌మిల్లుకి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి అక్కడ పనిచేసేవాళ్లతో మాట్లాడండి. జీతం ఎంతో అడగడానికి మొహమాటపడకండి, పిల్లలు మిమ్మల్ని అడిగేది అదే. పనిలో చేరడానికి ఏం చదివారు, మొదటి ఏడాది ఏం కష్టమనిపించింది, ఎందుకు మానేస్తుంటారు అన్నవి రాసుకోండి.

కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ వైపో, కడప, గోదావరి జిల్లాల వైపో ఉంటే గల్ఫ్ వలస గురించి తెలుసుకోకుండా కెరీర్ గైడెన్స్ చెప్పడం కుదరదు. ఈ-మైగ్రేట్ అనే కేంద్ర ప్రభుత్వ పోర్టల్‌లో ఏజెంట్ లైసెన్స్ ఎలా చూడాలో మీరు ఒక్కసారి కూర్చుని నేర్చుకుంటే చాలు, ఏళ్ల తరబడి పనికొస్తుంది. రిజిస్టరైన ఏజెంట్ అయినా సర్వీసు చార్జీ కింద 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోకూడదు. పదో తరగతి పాసైతే పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ (పని కోసం గల్ఫ్‌కు వెళ్లే ముందు తీసుకోవాల్సిన ప్రభుత్వ అనుమతి) అవసరం ఉండదు. టెన్త్ మధ్యలో మానేద్దామనుకునే అబ్బాయికి ఈ చివరి మాట ఎన్నో ఉపన్యాసాల కన్నా బాగా పనిచేస్తుంది.

దివ్యాంగ విద్యార్థుల విషయంలో ప్రత్యేకంగా నేర్చుకోవాల్సింది ఉందా?

ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తిస్తుంది. ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు, ప్రభుత్వ ఉద్యోగాల్లో కనీసం 4 శాతం రిజర్వేషన్ ఉంటాయి. వాటికి కావాల్సిన సర్టిఫికెట్, పరీక్షలో రాసిపెట్టే సహాయకుడి నిబంధనలు ముందే తెలుసుకోండి. దరఖాస్తు గడువు రోజు వెతికితే దొరకవు.

నా ముందు విద్యార్థి ఏడ్చేస్తే, చచ్చిపోతానంటే? అది నా పని కాదు కదా?

చికిత్స మీ పని కాదు. గుర్తించడం, వదిలిపెట్టకుండా ఉండటం, సరైన చోటికి చేర్చడం మీ పనే. ఇంటర్ ఫలితాలు, నీట్ ఫలితాలు వచ్చే రోజుల్లో ఈ పని ఏ క్షణమైనా మీద పడొచ్చు. కాబట్టి మానసిక ప్రథమ చికిత్స శిక్షణ మీ సీపీడీలో ఏటా ఉండాలి, ఒకసారి నేర్చుకుంటే సరిపోదు. ‘చనిపోవాలనిపిస్తోందా?’ అని నేరుగా అడగడానికి నోరు రాదు చాలామందికి. శిక్షణలో జంటలుగా కూర్చుని ఆ ప్రశ్నను పైకి అనడం సాధన చేయాలి. అడిగితే ఆ ఆలోచన పుడుతుందేమోనన్న భయం అక్కర్లేదు. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416 నంబరుకు రోజంతా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు. అవతలివాళ్లు ఎలా మాట్లాడతారో తెలియడానికి మీ జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం సిబ్బందిని ఒకసారి మీ సమావేశానికి పిలవండి. ప్రాణాపాయం కనిపిస్తే గోప్యత మాట పక్కనపెట్టి, ఇంట్లోవాళ్లకు చెప్పాల్సిందే.

లాగ్‌బుక్ ఎలా రాయాలి? టెంప్లేట్ ఉందా?

టెంప్లేట్లకు కొదవ లేదు, నింపేవాళ్లే లేరు. నాలుగు లైన్లు చాలు. ఇలా:

‘జూన్ రెండో వారం. ప్రభుత్వ ఐటీఐ సందర్శన, 3 గంటలు. తెలిసింది: ఎలక్ట్రీషియన్, ఫిట్టర్ రెండేళ్లు, టెన్త్ పాసవ్వాలి. వెల్డర్ ఏడాదే, ఎనిమిది పాసైనా చాలు. మార్చేది: టెన్త్ తప్పిన పిల్లలతో సప్లిమెంటరీతో పాటు వెల్డర్ ట్రేడు గురించి కూడా మాట్లాడాలి. చూసుకోవాల్సింది: అమ్మాయిలకు హాస్టల్ ఉందా?’

‘మార్చేది’ అన్న లైను ఖాళీగా ఉందంటే ఆ గంటలు లెక్కలోకి తీసుకోవద్దు. ‘చాలా ఉపయోగకరంగా ఉంది’ అన్న వాక్యం లాగ్‌లో నిషిద్ధం.

ఏఐని అడిగితే అన్నీ చెబుతోంది. మేమెందుకు నేర్చుకోవాలి?

పిల్లలు దాన్నే అడిగి వస్తున్నారు కాబట్టే నేర్చుకోవాలి. మీరు తరచూ వినే పది ప్రశ్నలు దాన్ని అడిగి, జవాబులను అసలు నోటిఫికేషన్‌తో పోల్చండి. కటాఫ్ ర్యాంకులు, ఫీజులు, గడువు తేదీల దగ్గర ధీమాగా తప్పు చెప్పడం గమనిస్తారు. ఆ పోల్చడాన్ని తర్వాత పిల్లల చేత కూడా చేయించవచ్చు. విద్యార్థి పేరు, మార్కులు, ఇంటి సంగతులు మాత్రం అందులో పెట్టకండి.

ఒక ప్రైవేటు యూనివర్సిటీ ‘కౌన్సెలర్ల మీట్’ అని హోటల్ గది, భోజనం ఇచ్చి పిలుస్తోంది. అది సీపీడీ కిందికి వస్తుందా?

వెళ్లొచ్చు, కళ్లు తెరిచి వెళ్లండి. క్యాంపస్ చూడటం, ల్యాబులు చూడటం, క్యాంటీన్‌లో విద్యార్థులతో విడిగా మాట్లాడటం పనికొచ్చేవే. వేదిక మీద చెప్పే ప్లేస్‌మెంట్ అంకెల్లో మధ్యస్థ జీతం (అందరి జీతాలూ వరుసలో పెడితే సరిగ్గా మధ్యలో వచ్చేది) ఎంతో అడగండి. అత్యధిక ప్యాకేజీ ఒక్కరిది, మధ్యస్థం అందరి సంగతీ చెబుతుంది. మీరు ఎవరి ఖర్చుతో వెళ్లారో లాగ్‌లో రాయండి. ఆ యూనివర్సిటీ గురించి మాట్లాడాల్సి వచ్చినప్పుడు తల్లిదండ్రులకు కూడా ఆ మాట చెప్పండి.

చేర్పించిన ప్రతి విద్యార్థికీ ఇంత అని కవరు ఇస్తామంటే అక్కడితో ఆ సంబంధం తెంచుకోండి. కొందరు దాన్ని ‘రిఫరల్ ఫీ’ అంటారు, కొందరు ‘హానరేరియం’ అంటారు. అది తీసుకున్నాక మీరు ఆ యూనివర్సిటీ ఏజెంట్, ఎంత మంచి ఏజెంటైనా సరే. తీసుకోకపోతే వచ్చే ఏడాది ఆహ్వానం రాకపోవచ్చు. అప్పుడు బస్సు టికెట్ కొనుక్కుని, మామూలు రోజున, చెప్పకుండా వెళ్లి క్యాంపస్ చూసి రండి.